జాంగో సైటుకు ఆటోమేటిక్ బిల్డ్, డిప్లాయ్: వెనక్కి వచ్చే దారి ముందు

ఒకప్పుడు నేను పనిచేసిన ఒక చిన్న సంస్థలో డిప్లాయ్ (కొత్త కోడ్‌ను సర్వర్‌లో పెట్టి నడిపించడం) అంటే, ఎవరో ఒకరు తమ లాప్‌టాప్ నుంచి ఆర్‌సింక్ అనే ఫైళ్లు పంపే కమాండ్‌తో ఫోల్డర్ మొత్తాన్ని సర్వర్‌కు పంపి సర్వీస్‌ను రీస్టార్ట్ చేయడమే. ఒక శుక్రవారం సాయంత్రం అలా పంపిన కోడ్‌లో, బిల్లు మొత్తాన్ని రూపాయికి సవరించే వరుస ఒకటి మారి ఉంది. డీబగ్ చేసే హడావిడిలో మార్చినవారు దానిని కమిట్ చేయలేదు (కోడ్ మార్పుల చరిత్రను ఉంచే రిపోజిటరీలో నమోదు చేయలేదు), తిరిగి సరిచేయనూ లేదు. సోమవారం నుంచి బిల్లుల్లో పైసలు తేడా రావడం మొదలైంది. రిపోజిటరీలో చూస్తే కోడ్ సరిగ్గానే ఉంది, టెస్టులన్నీ పాసవుతున్నాయి, ఎవరి లాప్‌టాప్‌లో నడిపినా లెక్క సరిపోతోంది. మూడు రోజుల తరువాత, సర్వర్‌లోని ఫోల్డర్‌ను దించుకుని రిపోజిటరీతో డిఫ్ వేసి (తేడాలు పోల్చి) చూస్తే గాని అసలు సంగతి బయటపడలేదు.

అప్పటి నుంచి నేను పట్టుకున్న నియమం ఒక్కటే: సర్వర్ మీద నడిచే ప్రతి వరుసకూ రిపోజిటరీలో ఒక కమిట్ ఉండాలి, ఆ రెంటికీ మధ్య ఎవరి లాప్‌టాపూ ఉండకూడదు. ఆ ఏర్పాటు ఎలా చేసుకోవాలో ఒక మామూలు అమరికను ఉదాహరణగా తీసుకుని చెబుతాను. కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, అప్లికేషన్ పైథాన్‌లో, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసింది, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, అద్దెకు తీసుకున్న ఒక ఉబుంటు (లినక్స్) సర్వర్‌లో, రిక్వెస్టులు అందుకునే ఎన్‌జిన్‌ఎక్స్ వెనుక, పైథాన్ కోడ్‌ను నడిపే గునికార్న్ ఉంటుంది, బిల్డ్ (సర్వర్‌కు పంపే ఫైలు తయారుచేయడం), డిప్లాయ్ పనులు గిట్‌హబ్‌లోనే ఉండే ఆటోమేషన్ సేవ గిట్‌హబ్ యాక్షన్స్ చేస్తుంది. గిట్‌ల్యాబ్ గాని జెన్‌కిన్స్ గాని వాడేవారికి ఫైళ్ల పేర్లు, రాసే తీరు మారతాయి గాని పనుల వరుస మారదు. కమాండ్లను, సెట్టింగులను ఇక్కడ పలికినట్లుగా తెలుగులోనే రాస్తున్నాను; టైప్ చేసేటప్పుడు వాటి ఇంగ్లీషు రూపమే వాడాలి.

ముందు చేత్తో, తరువాత స్క్రిప్ట్‌తో

చాలామంది వర్క్‌ఫ్లో ఫైలు (గిట్‌హబ్ యాక్షన్స్ చేయవలసిన పనుల జాబితా) రాయడంతో మొదలుపెట్టి, అది 30 సార్లు ఫెయిలయ్యాక విసిగిపోతారు. దానికన్నా ముందు చేయవలసిన పని, ఇప్పుడు చేత్తో చేస్తున్న డిప్లాయ్‌ను వరుసక్రమంలో కాగితం మీద పెట్టి, టీమ్‌లో కొత్తగా చేరినవారికి ఆ కాగితం ఒక్కటే ఇచ్చి, పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూడటం. వారు ఎక్కడ ఆగిపోతే అక్కడ మన బుర్రలో మాత్రమే ఉన్న సమాచారం ఒకటి ఉన్నట్లు లెక్క. పాస్‌వర్డులున్న ఎన్విరాన్‌మెంట్ ఫైలు ఫలానా చోట ఉంటుందని, స్టాటిక్ ఫైళ్లను (సైటు బొమ్మలు, సీఎస్‌ఎస్ వంటివి) పోగుచేసే కమాండ్ మైగ్రేషన్ (డేటాబేస్ టేబుళ్లను మార్చే మెట్టు) కన్నా ముందు నడపాలని, రసీదు పీడీఎఫ్‌ల కోసం సర్వర్‌లో తెలుగు ఫాంటు ఒకటి ఎప్పుడో ఇన్‌స్టాల్ చేశామని అప్పుడే గుర్తుకొస్తుంది. ఈ ఫాంటు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కాని, సర్వర్ మార్చిన రోజున రసీదుల్లో తెలుగు అక్షరాలకు బదులు ఖాళీ డబ్బాలు వచ్చినప్పుడు, ఏ లాగ్‌లోనూ ఒక్క ఎర్రర్ కూడా కనిపించదు. ఉబుంటులో 'ఫాంట్స్-తెలు' అనే ప్యాకేజీతో తీరిపోయే సమస్య అది. దానిని గుర్తించడానికే పూట పడుతుంది.

చేత్తో చేసే పనిలో దాటేసిన మెట్టు ఎంత దూరం తీసుకుపోగలదో చూపడానికి నైట్ క్యాపిటల్ అనే అమెరికన్ షేర్ ట్రేడింగ్ సంస్థ ఉదంతాన్ని ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2012లో ఆ సంస్థ తన 8 సర్వర్లలో కొత్త కోడ్ పెట్టవలసి ఉండగా, పనిచేస్తున్న వ్యక్తి ఏడింటిలో పెట్టి ఎనిమిదవదాన్ని వదిలేశారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే, ఆ ఒక్క సర్వర్‌లో ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న పాత కోడ్ మేల్కొని, సుమారు 45 నిమిషాల పాటు అక్కరలేని ఆర్డర్లు పంపుతూనే పోయింది. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ తన ఉత్తర్వులో ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి, ఆ డిప్లాయ్‌ను రెండో వ్యక్తి ఎవరూ సరిచూడకపోవడం, సరిచూడాలని చెప్పే రాతపూర్వక పద్ధతి కూడా లేకపోవడం.

సర్వర్‌లో ఫోల్డర్లు ఎలా ఉండాలి

కాగితం తయారయ్యాక స్క్రిప్ట్ రాసే ముందు సర్వర్‌లోని ఫోల్డర్లను మార్చుకోవాలి. నడుస్తున్న కోడ్ మీదే కొత్త కోడ్ పరిచే పద్ధతిలో ఉన్నంత కాలం వెనక్కి వచ్చే దారి ఉండదు. కొత్త రిలీజ్ (సర్వర్‌లో పెట్టిన కోడ్ వెర్షన్) పాడైన తరువాత దారి వెతకడం ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లే అవుతుంది కాబట్టి, ముందుకు వెళ్లే దారి కన్నా ముందు దీనినే వేసుకోమంటాను.

సైటు ఫోల్డర్‌లో మూడు పేర్లు పెట్టుకోండి. 'రిలీజెస్' అనే ఫోల్డర్‌లో ప్రతి డిప్లాయ్‌కూ ఒక కొత్త ఉపఫోల్డర్ వస్తుంది. దాని పేరులో తేదీ, సమయం, కమిట్ సంఖ్యలోని మొదటి 7 అక్షరాలు ఉంటే చాలు. 'షేర్డ్' అనే ఫోల్డర్‌లో ఏ రిలీజ్‌కూ సొంతం కానివి ఉంటాయి: ఎన్విరాన్‌మెంట్ ఫైలు, వాడుకదారులు అప్‌లోడ్ చేసిన బొమ్మలు, లాగ్‌లు. మూడవది 'కరెంట్', అది ఫోల్డర్ కాదు, ప్రస్తుతం నడుస్తున్న రిలీజ్‌ను చూపే సింబాలిక్ లింక్. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ సర్వీస్ ఫైలులోనూ, ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్‌లోనూ 'కరెంట్' దారినే రాయాలి. డిప్లాయ్ అంటే ఆ లింక్‌ను కొత్త ఫోల్డర్ వైపు తిప్పడం, రోల్‌బ్యాక్ అంటే దానినే పాత ఫోల్డర్ వైపు తిప్పడం.

లింక్‌ను తిప్పడంలోనూ ఒక మెలిక ఉంది. చాలాచోట్ల 'ఎల్‌ఎన్' కమాండ్‌కు 'ఎస్-ఎఫ్-ఎన్' ఆప్షన్లు ఇచ్చి ఒకే దెబ్బలో తిప్పమని రాస్తారు. ఆ కమాండ్ పాత వెర్షన్లు లోపల రెండు పనులు చేస్తాయి: పాత లింక్‌ను చెరిపి, కొత్తది పెడతాయి. ఆ రెంటి మధ్య రెప్పపాటు కాలం 'కరెంట్' అనేదే ఉండదు, ఆ క్షణంలో వచ్చిన రిక్వెస్ట్‌కు ఎర్రర్ వెళ్లవచ్చు. అందుకు బదులు 'కరెంట్-కొత్త' అనే మరో పేరుతో లింక్ తయారుచేసి, 'ఎమ్‌వీ' కమాండ్‌కు పెద్ద 'టీ' ఆప్షన్ ఇచ్చి దాని పేరును 'కరెంట్'గా మారిస్తే, లినక్స్ ఆ పేరు మార్పును విడదీయరాని ఒకే చర్యగా చేస్తుంది. ఇద్దరు ముగ్గురు చూసే సైటుకు ఈ తేడా పట్టదు గాని, పట్టే రోజు వచ్చేదాకా ఆగవలసిన అవసరమూ లేదు.

పైథాన్‌కు సంబంధించిన మరో మాట. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ఒక ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే ఫోల్డర్‌ను) వేరేచోట తయారుచేసి సర్వర్‌కు కాపీ చేస్తే పనిచేయదు, ఎందుకంటే దానిలోని స్క్రిప్టుల్లో తయారైన చోటి పూర్తి దారి రాసి ఉంటుంది. కాబట్టి ప్రతి రిలీజ్ ఫోల్డర్‌లోనూ, దాని శాశ్వతమైన చోటులోనే, కొత్త ఎన్విరాన్‌మెంట్‌ను కట్టుకోవాలి. ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు పోతాయి. కాని పాత రిలీజ్‌కు వెనక్కి వెళ్లినప్పుడు దాని లైబ్రరీలు దానితోనే, కదలకుండా ఉంటాయి.

డిప్లాయ్ స్క్రిప్ట్

ఇప్పుడు కాగితంలోని మెట్లను ఒక బాష్ స్క్రిప్ట్‌గా రాసి రిపోజిటరీలోనే ఉంచండి. మొదటి వరుసల్లోనే 'సెట్' కమాండ్‌కు 'ఈ', 'యూ', 'పైప్‌ఫెయిల్' ఆప్షన్లు ఇస్తే, మధ్యలో ఏ మెట్టు తప్పినా స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. ఆ వరుస లేకపోతే లైబ్రరీలు ఇన్‌స్టాల్ కాకపోయినా అది తన దారిన ముందుకు పోయి లింక్ తిప్పేస్తుంది.

స్క్రిప్ట్ చేయవలసిన పనుల వరుస ఇది. బిల్డ్ నుంచి వచ్చిన టార్ ఫైలును (ఫైళ్లన్నీ కట్టిన మూటను) కొత్త రిలీజ్ ఫోల్డర్‌లో విప్పుతుంది, ఎన్విరాన్‌మెంట్ కట్టి, లైబ్రరీలను ఇన్‌స్టాల్ చేస్తుంది, 'షేర్డ్'లోని ఫైళ్లకు లింకులు పెడుతుంది, జాంగో ఇచ్చే 'చెక్' కమాండ్‌ను 'డిప్లాయ్' ఆప్షన్‌తో నడిపి సెట్టింగులను సరిచూస్తుంది, స్టాటిక్ ఫైళ్లను పోగుచేస్తుంది, డేటాబేస్‌ను పీజీ-డంప్‌తో బ్యాకప్ తీసి మైగ్రేషన్లు నడుపుతుంది, లింక్ తిప్పుతుంది, సర్వీస్‌ను రీస్టార్ట్ చేస్తుంది, సైటు లేచిందో లేదో చూస్తుంది, లేవకపోతే లింక్‌ను వెనక్కి తిప్పి, మళ్లీ రీస్టార్ట్ చేసి, ఫెయిలైనట్లు చెప్పి ఆగుతుంది. అన్నీ సజావుగా జరిగితే చివరి 5 రిలీజ్‌లను ఉంచి మిగిలినవాటిని చెరిపేస్తుంది. ఈ వరుసలో నెట్‌వర్క్ మీద ఆధారపడే పనులన్నీ లింక్ తిప్పడానికి ముందే అయిపోతున్నాయని గమనించండి. పైథాన్ లైబ్రరీలను పిప్ తెచ్చుకునే సర్వర్ అందుబాటులో లేక ఇన్‌స్టాల్ ఆగిపోయినా, నడుస్తున్న సైటుకు ఏమీ కాదు.

సైటు లేచిందో లేదో చూసే మెట్టు దగ్గర చాలామంది బద్ధకిస్తారు. మొదటి పేజీకి కర్ల్ కమాండ్‌తో రిక్వెస్ట్ పంపి 200 (అంతా సరే అనే జవాబు సంఖ్య) వస్తే చాలనుకుంటారు. ఆ పేజీ క్యాష్ (ముందే దాచిన నకలు) నుంచి వచ్చి ఉండవచ్చు, రీస్టార్ట్ కాని పాత ప్రాసెస్ పంపి ఉండవచ్చు. దానికోసం ప్రత్యేకంగా ఒక చిన్న వ్యూ (రిక్వెస్ట్‌కు జవాబిచ్చే జాంగో కోడ్) రాయండి: అది డేటాబేస్‌ను ఒక్కసారి పలకరించాలి, తాను ఏ కమిట్ నుంచి తయారైందో ఆ సంఖ్యను జవాబులో చెప్పాలి. ఆ సంఖ్య, తాను ఇప్పుడు పెట్టిన కమిట్ సంఖ్య ఒకటేనా అని స్క్రిప్ట్ పోల్చి చూడాలి. నైట్ క్యాపిటల్ వారి ఎనిమిదవ సర్వర్‌ను పట్టుకోగలిగేది ఇలాంటి ప్రశ్నే. రీస్టార్ట్ అయిన వెంటనే గునికార్న్ సిద్ధంగా ఉండదు కాబట్టి, రెండేసి సెకన్ల తేడాతో పదిసార్లు అడిగి, అప్పటికీ రాకపోతేనే ఫెయిలైనట్లు లెక్కవేయండి. సర్వర్ లోపలి నుంచి లోకల్‌హోస్ట్ పేరుతో అడిగితే, అనుమతించిన హోస్టుల జాబితాలో ఆ పేరు లేనందున జాంగో 400 ఎర్రర్ ఇస్తుంది. రిక్వెస్ట్‌లో హోస్ట్ హెడర్‌గా సైటు అసలు పేరునే పంపాలి.

ఈ స్క్రిప్ట్‌ను ఒక వారం పది రోజులు సర్వర్‌లోకి లాగిన్ అయ్యి చేత్తోనే నడపండి. అది నమ్మకం సంపాదించేదాకా దానిని యంత్రానికి అప్పగించవద్దు.

డేటాబేస్ మాత్రం వెనక్కి రాదు

లింక్ తిప్పగానే కోడ్ వెనక్కి వస్తుంది, కాని డేటాబేస్‌లో జరిగిన మార్పు అలాగే ఉండిపోతుంది. బ్యాకప్ ఉంది కదా అనుకుంటాం గాని, బ్యాకప్‌ను తిరిగి ఎక్కిస్తే డిప్లాయ్ తరువాత వచ్చిన ఆర్డర్లు, బిల్లులు పోతాయి. అది ఆఖరి గతి మాత్రమే. కనుక పాత కోడ్ కూడా కొత్త డేటాబేస్‌తో నడవగలిగేలా మైగ్రేషన్ రాయడమే అసలు ఉపాయం.

ఒక సందర్భం దగ్గరగా చూద్దాం. సభ్యుల టేబుల్‌లో 'జిల్లా' అనే కొత్త కాలమ్‌ను చేర్చి, దానికి ఖాళీ స్ట్రింగ్‌ను డిఫాల్ట్‌గా ఇచ్చి, 'నల్' (విలువ లేకపోవడం) కుదరదని రాశామనుకోండి. మైగ్రేషన్ హాయిగా నడుస్తుంది. అయితే జాంగోలో ఆ డిఫాల్ట్ పైథాన్ కోడ్‌లో ఉంటుందే గాని పోస్ట్‌గ్రెస్ టేబుల్‌లో మిగలదు. మైగ్రేషన్ సమయంలో పాత వరుసలను నింపడానికి వాడి, ఆ తరువాత దానిని టేబుల్ నుంచి తీసేస్తుంది. ఇప్పుడు వేరే ఏదో కారణంతో రోల్‌బ్యాక్ చేశాం. పాత కోడ్‌కు 'జిల్లా' అనే కాలమ్ ఉందనే తెలియదు కాబట్టి కొత్త సభ్యుణ్ణి చేర్చేటప్పుడు ఆ విలువ పంపదు, పోస్ట్‌గ్రెస్ 'నల్ కుదరదు' అని తిరగగొడుతుంది. సైటు పైకి బాగానే కనిపిస్తుంది, పాత పేజీలన్నీ తెరుచుకుంటాయి, కొత్త సభ్యత్వాలు మాత్రం ఒక్కటీ నమోదు కావు. 2023 డిసెంబరులో వచ్చిన జాంగో 5.0 నుంచి 'డీబీ-డిఫాల్ట్' అనే ఆప్షన్ ఉంది. అది డిఫాల్ట్‌ను టేబుల్‌లోనే ఉంచుతుంది. అంతకన్నా పాత వెర్షన్‌లో ఉన్నవారు మొదటి రిలీజ్‌లో నల్‌ను అనుమతించి, తరువాతి రిలీజ్‌లో బిగించుకోవాలి. కాలమ్‌ను తీసేయడానికీ ఇదే పద్ధతి: ముందు నల్‌ను అనుమతిస్తూ కోడ్ దానిని వాడటం మానేయాలి, ఆ రిలీజ్ కుదురుకున్నాక, మరో రిలీజ్‌లో మాత్రమే కాలమ్‌ను తొలగించాలి. పేరు మార్చడం అనేది లేదనే అనుకోండి. కొత్తది చేర్చడం, పాతది తీయడం అనే రెండు పనులుగానే దానిని చూడాలి.

వర్క్‌ఫ్లో ఫైలు

ఇంతదాకా వచ్చాక గిట్‌హబ్ యాక్షన్స్‌కు మిగిలే పని తక్కువే. రిపోజిటరీలో 'డాట్-గిట్‌హబ్' ఫోల్డర్‌లోని 'వర్క్‌ఫ్లోస్' ఫోల్డర్‌లో ఒక యామల్ (సెట్టింగులు రాసుకునే టెక్స్ట్ రూపం) ఫైలు పెడితే అది దానిని చదువుకుంటుంది. ఫైలులో రెండు జాబ్‌లు రాయండి. మొదటిది టెస్టులు నడిపి టార్ ఫైలు తయారుచేసేది. ప్రతి పుల్ రిక్వెస్ట్‌కూ (మార్పులను కలుపుకోమనే వినతికి), మెయిన్ బ్రాంచ్‌లోకి (అసలు కోడ్ శాఖలోకి) వచ్చే ప్రతి పుష్‌కూ అది నడవాలి. రెండవది డిప్లాయ్, 'నీడ్స్' అనే సెట్టింగుతో దానిని మొదటిదానికి ముడివేసి, మెయిన్ బ్రాంచ్ పుష్ అయితేనే నడవాలని షరతు పెట్టాలి.

కొత్తవారు ఇక్కడ తడబడేది ఒకచోట. ప్రతి జాబ్ ఒక సరికొత్త యంత్రం మీద నడుస్తుంది, కాబట్టి మొదటి జాబ్‌లో తయారైన ఫైలు రెండవ జాబ్‌కు దానంతటది కనిపించదు. దానిని మొదటి జాబ్‌లో ఆర్టిఫాక్ట్‌గా అప్‌లోడ్ చేసి, రెండవదానిలో దించుకోవాలి. రెండవ జాబ్‌లో మళ్లీ బిల్డ్ చేసుకుంటే పోదా అనిపిస్తుంది గాని, అప్పుడు టెస్టు చేసింది ఒకటి, సర్వర్‌కు వెళ్లింది మరొకటి అవుతుంది. లైబ్రరీల వెర్షన్లను కూడా అంకెతో సహా బిగించి రిపోజిటరీలో ఉంచుకోవాలి. లేకపోతే నిన్నటి బిల్డ్‌కూ నేటి బిల్డ్‌కూ మధ్య ఎవరో ఒక లైబ్రరీ కొత్త వెర్షన్ విడుదల చేసి ఉంటారు.

యామల్‌లో ట్యాబ్‌లు పనికిరావు, ఖాళీలే వాడాలి. ఇది అందరూ మొదటి రోజే తెలుసుకుంటారు. అంత తొందరగా తెలియనిది పైథాన్ వెర్షన్ సంగతి. కొటేషన్ గుర్తులు లేకుండా 3.10 అని రాస్తే యామల్ దానిని దశాంశ సంఖ్యగా చదివి, చివరి సున్నా తీసేసి, 3.1 అనుకుంటుంది, అటువంటి పైథాన్ దొరకలేదని బిల్డ్ ఆగిపోతుంది. వెర్షన్ అంకెలను ఎప్పుడూ కొటేషన్లలోనే రాయండి.

దీనికన్నా ప్రమాదకరమైనది ఆగకుండా ముందుకు పోయే తప్పు. టెస్టుల అవుట్‌పుట్‌ను తెర మీద చూస్తూనే ఫైలులోకి కూడా పంపుదామని టెస్టులు నడిపే పైటెస్ట్‌ను 'టీ' అనే కమాండ్‌కు పైప్ చేస్తే, లినక్స్ యంత్రం మీద షెల్ ఏదో చెప్పకుండా వదిలేసిన మెట్టులో గిట్‌హబ్ 'పైప్‌ఫెయిల్' లేకుండానే బాష్‌ను నడుపుతుంది. పైటెస్ట్ ఫెయిలైనా, చివరి కమాండ్ అయిన 'టీ' విజయవంతంగా ముగిసింది కనుక మెట్టు మొత్తానికి పచ్చటి టిక్ పడుతుంది. మెట్టులో 'షెల్' అన్న చోట 'బాష్' అని విడిగా రాస్తే పైప్‌ఫెయిల్ దానంతటదే వస్తుంది. పచ్చటి టిక్‌ను నమ్మే ముందు ఒకసారి కావాలనే ఒక టెస్టును చెడగొట్టి, ఎర్ర గుర్తు పడుతుందో లేదో చూసుకోండి.

టెస్టులను ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద కాక, సర్వర్‌లో ఉన్న వెర్షన్‌దే అయిన పోస్ట్‌గ్రెస్ మీద నడపాలి. వర్క్‌ఫ్లో ఫైలులో 'సర్వీసెస్' కింద దాని కంటెయినర్‌ను పేర్కొంటే సరిపోతుంది. మోడల్ (టేబుల్‌ను వర్ణించే కోడ్) మార్చి మైగ్రేషన్ ఫైలు కమిట్ చేయడం మరిచిపోయేవారి కోసం 'మేక్-మైగ్రేషన్స్' కమాండ్‌ను 'చెక్' ఆప్షన్‌తో ఒక మెట్టుగా పెట్టండి. విండోస్ మీద పనిచేసేవారి ఫైలు పేర్లలో చిన్న, పెద్ద అక్షరాల తేడాలు కూడా లినక్స్ రన్నర్ (జాబ్‌లను నడిపే గిట్‌హబ్ యంత్రం) మీదే మొదటిసారి బయటపడతాయి, దానికి తిట్టుకోనక్కరలేదు.

మన దేశంలో కూర్చుని పనిచేసేవారికి ప్రత్యేకంగా తగిలే చిక్కు సమయానిది. టైమ్‌జోన్ సపోర్ట్ ఆన్ చేసి ఉన్న జాంగోలో 'టైమ్‌జోన్-నౌ' నుంచి తీసిన తేదీ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకన్నా ఐదున్నర గంటలు వెనుక) తేదీ అవుతుంది. సెట్టింగుల్లో కోల్‌కతా అని రాసుకుంటే 'లోకల్-డేట్' ఇచ్చేది మన తేదీ. రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 దాకా ఈ రెండూ వేరు. ఒకచోట అది, మరోచోట ఇది వాడిన కోడ్‌కు రాసిన టెస్టు పగలంతా పాసవుతుంది, రాత్రి నడిపే బిల్డ్‌లో ఫెయిలవుతుంది, పొద్దున్నే వచ్చి మళ్లీ నడిపితే పాసవుతుంది. 'ఈ టెస్టు అప్పుడప్పుడూ ఇలాగే చేస్తుంది' అని వదిలేస్తే, అర్ధరాత్రి దాటాక ఆర్డర్ పెట్టిన వాడుకదారుకు నిన్నటి తేదీతో రసీదు వెళుతుంది. రాత్రి బిల్డ్ పెట్టుకునేటప్పుడు క్రాన్ (ఏ వేళకు నడవాలో చెప్పే షెడ్యూల్) సమయాన్ని కూడా యూటీసీలోనే లెక్కవేసుకోవాలి: మనకు రాత్రి 2 గంటలకు నడవాలంటే ముందురోజు 20:30 అని రాయాలి.

ఇద్దరు ఒకరి వెనుక ఒకరు తమ మార్పులను మెయిన్ బ్రాంచ్‌లో మెర్జ్ చేస్తే (కలిపితే) రెండు డిప్లాయ్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, డిప్లాయ్ జాబ్‌కు 'కన్‌కరెన్సీ' గ్రూప్ ఒకటి పెట్టండి. నడుస్తున్నదానిని రద్దుచేసే ఆప్షన్‌ను మాత్రం ఆన్ చేయవద్దు. మైగ్రేషన్ సగంలో ఉన్న డిప్లాయ్‌ను కోసేయడం మంచిది కాదు. జాబ్‌కు గడువు పెట్టడం కూడా మరవవద్దు, ఎందుకంటే ఏమీ పెట్టకపోతే అది 360 నిమిషాలు. ప్రైవేట్ రిపోజిటరీలకు ఉచిత ఖాతాలో నెలకు దొరికేదే 2,000 నిమిషాలు. ఎక్కడో ఇరుక్కుపోయిన బిల్డ్‌లు ఆరు చాలు, ఆ నెల కోటా హరించుకుపోవడానికి.

కీలు, సీక్రెట్లు

రన్నర్ నుంచి సర్వర్‌కు వెళ్లడానికి మీ సొంత ఎస్‌ఎస్‌హెచ్ కీని (సర్వర్‌లోకి లాగిన్ అయ్యే తాళంచెవిని) ఇవ్వవద్దు. సర్వర్‌లో 'డిప్లాయ్' అనే యూజర్‌ను విడిగా సృష్టించి, ఈ పనికోసమే ఈడీ-25519 రకం కీ జత ఒకటి తయారుచేయండి. పబ్లిక్ కీని ఆ యూజర్ 'ఆథరైజ్డ్-కీస్' ఫైలులో, ముందు 'రిస్ట్రిక్ట్' అనే మాట చేర్చి పెడితే, పోర్ట్ ఫార్వర్డింగ్ వంటి అదనపు సదుపాయాలన్నీ ఆ కీకి మూసుకుపోతాయి. ఆ యూజర్‌కు రూట్ హక్కులు అక్కరలేదు. మన ఒక్క సర్వీస్‌ను రీస్టార్ట్ చేసే ఒక్క కమాండ్‌ను మాత్రం పాస్‌వర్డ్ లేకుండా నడపనిచ్చే వరుసను విసుడో (రూట్ హక్కులు ఎవరికి ఉన్నాయో రాసే ఫైలును సవరించే కమాండ్) ద్వారా రాయండి.

ప్రైవేట్ కీని గిట్‌హబ్‌లో రహస్య విలువలు దాచే సీక్రెట్స్‌లో పెట్టేటప్పుడు చివరి వరుస తరువాత ఒక ఎంటర్ ఉండేలా చూసుకోవాలి. ఆ ఒక్క ఎంటర్ తప్పిపోతే ఎస్‌ఎస్‌హెచ్ 'లిబ్‌క్రిప్టో'లో ఏదో ఎర్రర్ అంటూ మొరాయిస్తుంది, మనం కీ రకం మార్చడం దగ్గర నుంచి సర్వర్ మార్చడం దాకా అన్నీ ప్రయత్నిస్తాం. సర్వర్ హోస్ట్ కీని కూడా ముందుగానే తెచ్చి 'నోన్-హోస్ట్స్' వరుసగా మరో సీక్రెట్‌లో ఉంచండి. హోస్ట్‌ను సరిచూడవద్దని చెప్పే ఆప్షన్‌తో పని తొందరగా అయిపోతుంది, కాని అప్పుడు మన కోడ్ ఎవరి సర్వర్‌కు వెళుతోందో తెలుసుకునే వీలు పోతుంది.

లాగ్‌లలో సీక్రెట్లు కనిపిస్తే గిట్‌హబ్ వాటిని నక్షత్రాలతో కప్పుతుంది. అయితే అదే విలువను వేరే రూపంలోకి మార్చి ప్రింట్ చేస్తే గుర్తుపట్టకపోవచ్చు. ఇది ఊహించి చెబుతున్నది కాదు. 2025 మార్చిలో, 23,000కు పైగా రిపోజిటరీలు వాడుతున్న 'చేంజ్డ్-ఫైల్స్' అనే యాక్షన్‌లోకి (వర్క్‌ఫ్లోలో వాడుకునే రెడీమేడ్ మెట్టులోకి) ఎవరో చొరబడి, దాని పాత వెర్షన్ ట్యాగులను సైతం ఒక హానికరమైన కమిట్ వైపు తిప్పారు. అది రన్నర్ మెమరీలోని సీక్రెట్లను తీసి ఎన్‌కోడ్ చేసి లాగ్‌లో రాసింది. ట్యాగ్ అనేది ఎప్పుడైనా తిప్పగలిగే గుర్తు కాబట్టి, బయటివారి యాక్షన్లను ట్యాగ్‌తో కాక 40 అక్షరాల పూర్తి కమిట్ సంఖ్యతో రాయడం అలవాటు చేసుకోండి. అంతకన్నా మేలైనది, రెండు షెల్ కమాండ్లతో అయ్యే పనికి బయటి యాక్షన్ తెచ్చుకోకపోవడం. మా ఫైలులో ఇప్పుడు గిట్‌హబ్ వారివి నాలుగు యాక్షన్లు తప్ప ఇంకెవరివీ లేవు. వర్క్‌ఫ్లోకు గిట్‌హబ్ ఇచ్చే టోకెన్ హక్కులను కూడా చదవడం వరకే పరిమితం చేయండి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో బయటివారి ఫోర్క్ (రిపోజిటరీ సొంత నకలు) నుంచి వచ్చే పుల్ రిక్వెస్టులకు మామూలుగా సీక్రెట్లు అందవు. 'పుల్-రిక్వెస్ట్-టార్గెట్' అనే ట్రిగ్గర్ వాడి వారి కోడ్‌ను నడిపితే మాత్రం ఆ కాపలా తొలగిపోతుంది.

లాప్‌టాప్‌ల దారి మూయడం

అంతా నడుస్తోందనుకున్నాక, వాడుకదారులు తక్కువగా ఉండే వేళ చూసి, కావాలనే లేవని రిలీజ్ ఒకటి పంపండి. సెట్టింగుల్లో తప్పు ఇంపోర్ట్ ఒకటి రాస్తే టెస్టుల దగ్గరే ఆగిపోతుంది కనుక, సర్వర్ ఎన్విరాన్‌మెంట్ ఫైలులో లేని ఒక కొత్త వేరియబుల్‌ను, సైటు లేచిందో లేదో చెప్పే వ్యూ లోపల అడిగించండి. స్క్రిప్ట్ లింక్ తిప్పాలి, పదిసార్లు అడగాలి, 500లు చూసి వెనక్కి తిప్పాలి, గిట్‌హబ్‌లో ఎర్ర గుర్తు పడాలి. మొదటిసారి మేము ఇలా చేసినప్పుడు లింక్ వెనక్కి తిరిగింది గాని రీస్టార్ట్ జరగలేదు. వెనక్కి తిప్పే భాగంలో సర్వీస్ పేరు తప్పు రాశాం, అప్పటిదాకా ఆ వరుస ఒక్కసారి కూడా నడిచి ఉండలేదు.

అది కూడా సరిగ్గా నడిచిన రోజున, సర్వర్‌లోని 'ఆథరైజ్డ్-కీస్' ఫైళ్లను తెరిచి, టీమ్‌లోని అందరి లాప్‌టాప్ కీలను తీసేయండి. గిట్‌హబ్ పనిచేయని రోజు కోసం ఒక కీని మాత్రం ఉంచి, అది ఎవరి దగ్గర ఉందో, దానితో ఏ స్క్రిప్ట్‌ను ఎలా నడపాలో మొదట రాసుకున్న ఆ కాగితం మీదే, పాత మెట్లన్నీ కొట్టేసి, అడుగున రాసి పెట్టండి.